ఒళ్ళు బలిసిందనే మాట ఒంటికేం చేస్తుంది?

బలిసింది. కొవ్వెక్కింది. తిన్నది అరగటం లేదు. ఒళ్ళు తెలియటం లేదు. కండకావరం. తెలుగులో ఈ తిట్లన్నీ ఒకే ఇంటి పిల్లలు. కూలి పెంచమని నోరు తెరిచిన ఆడమనిషి బలిసింది. ఊరి బజారులో తలెత్తుకుని సైకిలు తొక్కిన కుర్రాడికి కొవ్వెక్కింది. వాళ్ళ ఒంటి మీద నిజంగా పావుశేరు కండ ఉన్నదా లేదా అని తిట్టేవాడు చూడడు. పల్లెలో పుట్టిన ఒళ్ళు ఎప్పటికీ ఎండిపోయే ఉండాలి, అందులో కాస్త నిండుదనం కనబడితే అది ఎవరి సొమ్మో తిన్న ఒళ్ళు అన్నది ఆ మాటల వెనకున్న లెక్క. అదే ఆసామికి పొట్ట వస్తే అది బొజ్జ. షావుకారుకు వస్తే కలిసొచ్చిందంటారు. వేదిక మీద పెద్దమనిషికి వస్తే నిండైన విగ్రహం అంటారు.

ఈసారి మేము రాయదల్చుకున్నది లావు గురించి. ఉద్యమ పత్రికలో రాయటానికి ఇంతకన్నా సమస్యలు లేవా అని కొందరు మిత్రులు అప్పుడే నవ్వారు. నవ్వనివ్వండి, ఆ నవ్వు గురించే మేము రాస్తున్నది. లావుగా ఉన్న మనిషిని చూసి లోకం నవ్వే నవ్వు, పెట్టే పేరు, చేసే చిన్నచూపు మనసును నొప్పించి ఊరుకోవు. ఏళ్ళ తరబడి ఒంట్లోకి దిగుతాయి. షుగరవుతాయి, బీపీ అవుతాయి, ఆయుష్షు కోస్తాయి. ఇదేదో మేము కోపంలో అంటున్న మాట కాదు. కొలిచి చూసినవాళ్ళున్నారు.

కొలిచింది అమెరికాలో, బ్రిటన్‌లో. అక్కడి లెక్కల్లో కులం లేదు. అయినా మనం చదవాల్సిన లెక్కలే. అమెరికాలో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 6,157 మందిని 2006లో ఒకసారి, 2010లో ఇంకోసారి పరిశీలించి 2013లో ఫలితం ప్రకటించారు. మొదట ఊబకాయం లేనివాళ్ళలో, 'నా బరువు చూసి నన్ను తక్కువ చేశారు' అని చెప్పినవాళ్ళు నాలుగేళ్ళ తర్వాత ఊబకాయంలోకి వెళ్ళే అవకాశం మిగతావాళ్ళకన్నా రెండున్నర రెట్లు ఎక్కువ. అప్పటికే ఊబకాయం ఉన్నవాళ్ళలో అవమానం పొందినవాళ్ళు అందులోనే ఉండిపోయే అవకాశం మూడు రెట్లు. అంటే ఏమిటి? 'నాలుగు మాటలంటే సిగ్గొచ్చి తగ్గుతుందిలే' అని మన ఇళ్ళల్లో, బడుల్లో, ఆస్పత్రుల్లో నమ్మేదంతా తలకిందులన్నమాట.

మరుసటేడు లండన్‌లో ఇదే పని చేశారు. యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు యాభై ఏళ్ళు దాటిన 2,944 మందిని నాలుగేళ్ళు గమనించారు. బరువు కారణంగా వివక్ష ఎదురైందని చెప్పినవాళ్ళు సగటున 0.95 కిలో పెరిగారు. ఎదురుకానివాళ్ళు 0.71 కిలో తగ్గారు. మాకు ఆ అంకెలకన్నా వాళ్ళడిగిన ప్రశ్నలు ఎక్కువ ఆసక్తిగా అనిపించాయి. నిన్ను తక్కువ మర్యాదతో చూశారా? దుకాణంలో, హోటల్లో అందరికన్నా తక్కువగా వడ్డించారా? నీకు తెలివి లేనట్టు మాట్లాడారా? బెదిరించారా? డాక్టర్లు, ఆస్పత్రివాళ్ళు నిన్ను వేరుగా చూశారా? ఈ ప్రశ్నల కాగితాన్ని మన మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో చదివి వినిపిస్తే, ఇది లావు గురించి రాసింది అని ఎవరైనా అనుకుంటారా?

2015లో వచ్చిన మూడో లెక్క అన్నిటికన్నా భయంకరమైనది. ఫ్లోరిడా పరిశోధకులే రెండు పెద్ద సర్వేలు, కలిపితే పద్దెనిమిది వేల పైచిలుకు మంది వివరాలు తీసి చూశారు. బరువు వివక్షను ఎదుర్కొన్నవాళ్ళకు చావు ముప్పు దాదాపు 60 శాతం ఎక్కువ. ఇక్కడ తెలివైనవాళ్ళు ఒక మాటంటారు. లావు ఉన్నవాళ్ళకు జబ్బులెక్కువ, జబ్బులున్నవాళ్ళు ముందు పోతారు, ఇందులో అవమానం చేసిందేముంది అని. ఆ మాట వాళ్ళకూ తోచింది. అందుకే బరువును, ఉన్న జబ్బులను, పొగ తాగటాన్ని, కుంగుబాటును లెక్కలోంచి తీసేసి చూశారు. అయినా తేడా చెరిగిపోలేదు. ఒకే బరువున్న ఇద్దరిలో, అవమానపడినవాడి ఆయుష్షుకే ముప్పు ఎక్కువ కనబడింది.

సరే, మనుషుల్ని పట్టుకొచ్చి పదేళ్ళు అవమానించి చూసే ప్రయోగం ఎవరూ చేయరు గనక, ఇందులో కారణాన్ని నూటికి నూరుపాళ్ళూ నిరూపించటం కుదరదు. కానీ చిన్న ప్రయోగాలు జరిగాయి. 2011లో అమెరికాలోనే కొందరు ఆడవాళ్ళకు లావుపాటివాళ్ళను ఎగతాళి చేసే వీడియో చూపించారు, ఇంకొందరికి మామూలు వీడియో. తర్వాత ముందు తినుబండారాలు పెట్టారు. బరువెక్కువున్న ఆడవాళ్ళలో ఎగతాళి చూసినవాళ్ళు, మామూలు వీడియో చూసినవాళ్ళకన్నా మూడు రెట్లకు పైగా కేలరీలు తిన్నారు. 2014లో అటువంటిదే చూపించి ఉమ్ము పరీక్ష చేస్తే కార్టిసాల్ పెరిగింది.

ఈ కార్టిసాల్ ఏమిటో మన పాఠకులకు నాలుగు ముక్కల్లో చెప్పాలి. ప్రమాదం ఎదురైనప్పుడు ఒళ్ళు తనను తాను కాపాడుకోవటానికి వదిలే రసం అది. కుక్క తరిమితే పరిగెత్తటానికి చక్కెర కావాలి, అందుకని రక్తంలోకి చక్కెర వదులుతుంది. గుండె వేగం, రక్తపు పోటు పెంచే పనిలోనూ దాని చెయ్యుంది. కుక్క పోయాక అదీ దిగిపోవాలి. మరి కుక్క పోకపోతే? పొద్దున కుళాయి దగ్గర ఒకటి, బస్సులో ఒకటి, పనిచోట ఒకటి, రాత్రి ఇంట్లో అత్తగారిదొకటి – రోజూ ఇట్లా మొరుగుతూనే ఉంటే ఆ రసం దిగే సమయం ఉండదు. దిగనప్పుడు అది తీపి మీదికీ నూనె వస్తువుల మీదికీ మనసు లాగుతుంది, కొవ్వును తీసుకెళ్ళి పొట్ట చుట్టూ పేరుస్తుంది, ఇన్సులిన్ మాట ఒళ్ళు వినకుండా చేస్తుంది, నిద్ర చెడగొడుతుంది. పొట్ట చుట్టూ పేరిన కొవ్వే షుగరుకూ గుండెపోటుకూ దగ్గరి చుట్టం. చూశారా విచిత్రం! లావున్నావని తిట్టావు, ఆ తిట్టే లావును తెచ్చి సరిగ్గా ఉండకూడని చోట పెట్టింది.

ఇట్లా రోజువారీ ఒత్తిడికి గుండె, రక్తనాళాలు, చక్కెర, కొవ్వు, వాపు అన్నీ కలిసి అరిగిపోయే అరుగుదలకు అలోస్టాటిక్ లోడ్ అని పేరు పెట్టారు. మనం బతుకు మోత అనుకుందాం. 2017లో వచ్చిన ఇంకో అధ్యయనం పదేళ్ళ కాలంలో బరువు వివక్ష ఎదుర్కొన్నవాళ్ళకు ఈ మోత ఎక్కువయ్యే ముప్పు దాదాపు రెట్టింపు అని తేల్చింది.

మాకు ఇదంతా కొత్తగా అనిపించలేదు. 1992లో అమెరికా పరిశోధకురాలు ఆర్లీన్ జెరోనిమస్ నల్లజాతి తల్లుల గురించి రాస్తూ, ఎండకూ వానకూ గోడ అరిగినట్టు జాతి వివక్షలో బతికిన ఒళ్ళు వయసుకు ముందే అరిగిపోతుందన్నారు. మన దేశంలో బీహారు, ఉత్తరప్రదేశ్ వంటి తొమ్మిది రాష్ట్రాల లెక్కలు తీసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, దళితుల సగటు ఆయుష్షు పైకులాల హిందువులకన్నా మూడేళ్ళకు పైగా తక్కువని, ఆదివాసీలది నాలుగేళ్ళకు పైగా తక్కువని తేలింది. అందులో సగం తేడాకు కూడా పేదరికం ఒక్కటే జవాబు కాలేదు. మిగతాది ఎక్కణ్ణుంచి వచ్చిందో మమ్మల్నడిగితే చెప్తాం. అయితే ఒక జాగ్రత్త. పైన చెప్పిన 2013 లెక్కలో జాతిని బట్టి, ఆడ మగను బట్టి జరిగిన వివక్షకు బరువు పెరగటంతో సంబంధం కనిపించలేదు. బరువు వివక్షకే కనిపించింది. అంటే అవమానాలన్నీ ఒకే తలుపు గుండా ఒంట్లోకి రావు. అన్నీ ఒకటేనని కలిపేస్తే మనకే నష్టం. లావు మీది అవమానానికి దాని దారి దానికుంది. కులం మీద అది కూడా వచ్చి కూర్చున్న మనిషి సంగతే మనం ఆలోచించాల్సింది.

ఆ దారి ఎట్లా పోతుందో చూడటానికి అమెరికా పోనక్కర్లేదు. షేర్ ఆటో ఎక్కితే చాలు. ముందు ముగ్గురు, వెనక ఆరుగురు సర్దుకుని కూచునే ఆటోలో లావుపాటి ఆడమనిషి కాలు పెట్టగానే డ్రైవరు, 'అమ్మో, రెండు టిక్కెట్లు ఇవ్వాలి' అంటాడు. అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది, ఏం చేస్తుంది మరి? కొందరు డ్రైవర్లు నవ్వులాటకు కాదు, నిజంగానే రెండు ఛార్జీలు తీసుకుంటారు. ఆమె మండలం ఆస్పత్రికి పోవాల్సింది వారానికోసారి అయితే నెలకోసారి పోతుంది. తర్వాత మానేస్తుంది. 'డాక్టరు చెప్పినా వినరండీ ఈ జనం' అని ఆస్పత్రిలో అంటారు.

డాక్టరు పొద్దున్నే నడవమన్నాడు. మా పట్నంలో కాలేజీ గ్రౌండుంది. అందులో పొద్దున్నే నడిచేవాళ్ళలో ఎక్కువమంది బూట్లేసుకున్న రిటైర్డు ఉద్యోగులు. మా వాడ నుంచి ఒకామె, మునిసిపాలిటీలో ఊడ్చే పని చేస్తుంది, రెండు వారాలు నడిచింది. క్రికెట్టాడే కుర్రాళ్ళు వెనకాల డప్పు దరువు మోత నోటితో వాయించేవాళ్ళు. మానేసింది. ఆమె రోజుకు ఎన్ని మైళ్ళు ఊడుస్తుందో లెక్కేసినవాళ్ళు లేరు. ఆమె బద్ధకస్తురాలని మాత్రం ఆమెను చూడగానే తేల్చేస్తారు. బరువు మీది చిన్నచూపులో అన్నిటికన్నా నీచమైన ముక్క ఇదే. ఒళ్ళు చూసి గుణం చెప్పేస్తారు. తిండిపోతు, సోమరి, శుభ్రం లేదు, తెలివి లేదు. ఈ నాలుగు విశేషణాలు మన తాతల కాలం నుంచి మనకు బాగా తెలిసినవే.

ఇక డాక్టరు గది. మాకు తెలిసిన ఒక అంగన్‌వాడీ ఆయా రెండేళ్ళు ఒక ఆస్పత్రి చుట్టూ తిరిగింది. మోకాళ్ళ నొప్పి అంటే బరువు తగ్గు. నీరసం అంటే బరువు తగ్గు. జుట్టు ఊడుతున్నది, చలి ఆగటం లేదు అంటే అన్నం తగ్గించు. నెలసరి సరిగా రావటం లేదంటే కూడా అదే మాట. చివరికి ఆమె కూతురు, డిగ్రీ చదివే పిల్ల, పట్టుబట్టి వేరేచోట రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ అని బయటపడింది. థైరాయిడ్ తక్కువైతే బరువు పెరుగుతుందని, నీరసం, చలి, జుట్టూడటం, నెలసరి తేడాలు వస్తాయని వైద్య విద్యార్థులందరూ చదువుకునేదే. కానీ ఆ కుర్చీలో కూచున్నాయన ఆమె ఒళ్ళు చూశాడు, మాట వినలేదు. ఈలోగా ఆమె రాత్రి భోజనం మానేసి రెండేళ్ళు తన్నుతాను శిక్షించుకున్నది.

బీపీ సంగతి ఇంకా అన్యాయం. చేతికి చుట్టే పట్టీ చేతి లావుకు తగ్గట్టు ఉండాలి. లావు చేతికి మామూలు పట్టీ చుడితే బీపీ లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది. 2023లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఎంత ఎక్కువో కొలిచారు. అన్నిటికన్నా పెద్ద పట్టీ కావాల్సిన వాళ్ళకు మామూలుది చుడితే పై అంకె దాదాపు 20 పాయింట్లు పెరిగిపోతుంది. 125 ఉన్న మనిషి 145 అవుతాడు, మాత్రలు మొదలవుతాయి. మేము చూసిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒకటే పట్టీ ఉంది. అది లావు చేతికి సరిపోక ఊడిపోతుంటే ఆ నర్సమ్మ పట్టీని కాదు, చేతిని తిట్టింది.

అసలీ లావు మనకు ఎక్కణ్ణుంచి వచ్చింది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో అధిక బరువున్నవాళ్ళు దేశంలో నూటికి 24 మంది, తెలంగాణలో 30 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 36 మంది. అదే ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58 మందికి పైగా ఆడవాళ్ళకు రక్తం తక్కువ. ఒకే ఊళ్ళో, ఒక్కోసారి ఒకే ఒంట్లో, లావూ ఉన్నది, ఆకలీ ఉన్నది. ఇది బలుపా?

మన అమ్మమ్మలు జొన్న సంకటి, రాగి, సజ్జ, కొర్ర తిన్నారు, అదీ దొరికిన రోజు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యం మనల్ని ఆకలిచావుల నుంచి కాపాడింది, దాన్ని ఎవరైనా వెక్కిరిస్తే మేము ఒప్పుకోం. కానీ బియ్యంతోపాటు పప్పు అంతే చవకగా రాలేదు, పాలు రాలేదు, కూరగాయలు రాలేదు. పామాయిలు వచ్చింది. తినే మాంసాన్ని బట్టి మనిషిని వెలివేసే దేశంలో చవకైన మాంసానికి కూడా భయపడుతూ తినాల్సి వచ్చింది. కంచం నిండా తెల్లన్నం, పైన నీళ్ళ చారు. మధ్యతరగతివాళ్ళు ఇప్పుడు మన కొర్రల్ని 'మిల్లెట్స్' పేరుతో మనం కొనలేని ధరకు కొంటున్నారు, అది వేరే కథ.

దీనికి ముందు ఇంకో మెట్టుంది. కడుపులో ఉండగా ఆకలి చూసిన బిడ్డ ఒళ్ళు దొరికినదాన్ని దాచుకోవటం నేర్చుకుంటుంది. 1944-45 చలికాలంలో నాజీలు తిండి ఆపేసినప్పుడు హాలండ్‌లో కరువొచ్చింది. ఆ కరువులో గర్భం మొదటి సగం గడిచిన తల్లుల కొడుకులు పందొమ్మిదేళ్ళకు సైన్యంలో చేరటానికి వస్తే వాళ్ళలో ఊబకాయం ఎక్కువ కనబడింది. వాళ్ళకది ఒక్క చలికాలం. మనకు ఎన్ని తరాలు? పూణె దగ్గరి పల్లెల పిల్లల్ని ఇంగ్లండు పిల్లలతో పోలిస్తే పుట్టినప్పటి బరువు మనది సగటున 2.7 కిలోలు, వాళ్ళది 3.5. కండ తక్కువ, కానీ కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. సన్నగా కనబడుతూనే కొవ్వును దాచుకున్న బిడ్డలు. ఆ బిడ్డే నలభై ఏళ్ళకు పొట్టతో, షుగరుతో ఆస్పత్రికి వస్తే 'తిండి తగ్గించుకోలేవా' అని అడుగుతారు. ఆమె నాయనమ్మ తిండి తగ్గించుకున్నందుకే ఇట్లా అయిందని ఎవరు చెప్పాలి?

అయితే లావు మంచిదేనంటారా అని అడిగేవాళ్ళున్నారు. మేము అట్లా అనటం లేదు. షుగరు నిజం, బీపీ నిజం, మోకాళ్ళరుగుదల నిజం, వాడలో నలభై దాటకుండానే గుండెపోటుతో పోయిన మన మనుషులు నిజం. నడక కావాలి, పప్పు, ఆకుకూర కావాలి, మందులు కావాలి. మేమంటున్నది ఒక్కటే, అవమానం మందు కాదు. 2020లో అనేక దేశాల డాక్టర్లూ పరిశోధకులూ కలిసి నేచర్ మెడిసిన్ పత్రికలో ఉమ్మడి ప్రకటన ఇచ్చారు. తక్కువ తిని ఎక్కువ కదిలితే చాలు, తగ్గకపోతే అది నీ తప్పే అన్న నమ్మకానికి శాస్త్రం ఒప్పుకోదన్నారు. పుట్టుక, నిద్ర, మందులు, ఒత్తిడి, హార్మోన్లు, దొరికే తిండి ఇవన్నీ కలిసి బరువును నిర్ణయిస్తాయి. తిట్టేవాళ్ళు వీటిలో ఒక్కదాన్నీ మార్చరు. ఒత్తిడిని మాత్రం పెంచిపోతారు.

మేము ఉపాధ్యాయులం గనక బడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అమెరికాలో 2,379 మంది ఆడపిల్లల్ని, నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ, చిన్నప్పటి నుంచి గమనించిన అధ్యయనం ఒకటి 2014లో వచ్చింది. పదేళ్ళప్పుడు వాళ్ళను ఒక మాటడిగారు. 'నువ్వు మరీ లావు' అని నీతో అమ్మ అన్నదా, నాన్న అన్నాడా, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, స్నేహితులు, టీచరు అన్నారా? సగానికి పైగా పిల్లలు ఎవరో ఒకరు అన్నారనే చెప్పారు. అట్లా పేరు పడిన పిల్లలు పందొమ్మిదేళ్ళకు ఊబకాయంలో ఉండే అవకాశం ఎక్కువగా ఉంది. పదేళ్ళప్పుడు వాళ్ళ అసలు బరువెంతో లెక్కలోకి తీసుకున్నాక కూడా. అంటే అప్పటికి లావుగా లేని పిల్లకు పెట్టిన పేరు కూడా పనిచేసిందన్నమాట. ఆ ప్రశ్నలో 'టీచరు' అన్న మాట దగ్గర మన స్టాఫ్ రూములు కాసేపు ఆగాలి.

మన బళ్ళలో జరిగేది చూడండి. ఆరోగ్య పరీక్ష రోజు పిల్లల్ని వరసలో నిలబెడతారు. బరువు చూసే మిషను క్లాసు మధ్యలో. ఒక సారు చదువుతారు, ఒక సారు రాసుకుంటారు. 'ఇరవై రెండు... ఇరవై నాలుగు... అరవై ఒకటి!' ఇక ఆ పిల్ల పేరు ఆ ఏడంతా అరవై ఒకటే. గున్న, డ్రమ్ము, బొండాం, బస్తా – ఏ బళ్ళోనైనా ఇవే పేర్లు. ఇరవై రెండు కిలోలున్న పిల్లాడికి మాత్రం మంచి పేరు దొరుకుతుందా? వాడు పుల్ల, బక్కోడు. ఆటల పీరియడ్‌లో లావు పిల్లను స్కోరు రాయటానికి కూచోబెడతారు. ఎవరికి ఆట ఎక్కువ కావాలో వాళ్ళకే ఆట లేకుండా చేయటం! మధ్యాహ్న భోజనం దగ్గర రెండోసారి కంచం పట్టిన పిల్లను 'ఇంకా ఎందుకే నీకు' అనే మాట మేము చాలా బళ్ళలో విన్నాం. ఇంటి దగ్గర పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్ల ఆమె. ఆ రోజు నుంచి బళ్ళో తినదు, సాయంత్రం కొట్లో ఐదు రూపాయల కుర్‌కురే ప్యాకెట్టు కొనుక్కుని చాటుగా తింటుంది. దాచుకుని తినటం అట్లా మొదలవుతుంది.

పెళ్ళిచూపుల సంగతి రాస్తే పత్రిక చాలదు. నలుపుకు ఒక రేటు, లావుకు ఒక రేటు, రెండూ ఉంటే తల్లిదండ్రులు ఉన్న అరెకరం కూడా అమ్మాలి.

మన సంఘాల్లోనూ ఇది లేదా? సభ ముగిశాక టీ కొట్టు దగ్గర మన వక్తలు ఏం మాట్లాడుకుంటారో మాకు తెలుసు. జిల్లా మొత్తం తిరిగి పనిచేసే ఒక మహిళా కార్యకర్తకు మన అన్నలే పెట్టిన ముద్దుపేరొకటి ఉంది, దాన్ని ఇక్కడ అచ్చు వేయం. కులం పేరుతో పిలిస్తే కేసు పెట్టాలని ఉపన్యాసమిచ్చి, కిందికి దిగి చెల్లెల్ని ఆ పేరుతో పిలిచే నోటిని ఏమనాలి? 'సరదాకన్నాం' అంటారు. ఊరోళ్ళు కూడా మన తాతల్ని సరదాకే పిలిచారు.

చట్టం సంగతి కొస్తే, అమెరికాలో మిషిగన్ రాష్ట్రం 1976లోనే ఎత్తును, బరువును బట్టి వివక్ష చూపటం చట్టవిరుద్ధమని రాసుకున్నది. న్యూయార్క్ నగరం 2023లో ఉద్యోగాల్లో, ఇళ్ళ అద్దెల్లో దాన్ని నిషేధించింది. మన దగ్గర ఏం జరిగింది? అప్పుడు ప్రభుత్వానిదైన ఎయిర్ ఇండియా 2009లో బరువెక్కువున్నారని కొందరు ఎయిర్ హోస్టెస్‌లను ఉద్యోగాల్లోంచి తీసేసింది. వాళ్ళు కోర్టుకు పోగలిగినవాళ్ళు, పత్రికలు రాశాయి. బట్టల షాపులో రోజంతా నిలబడి పనిచేసే పిల్లను 'కస్టమర్ల ముందు బాగుండవు, వెనక గోడౌన్‌లోకి పో' అని జీతం తగ్గిస్తే ఎవరు రాస్తారు?

ఇప్పుడు సూది మందులు వచ్చాయి. ఆకలి తగ్గించి బరువు తగ్గించే మౌంజారో, వెగోవీ 2025లో మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. పనిచేస్తాయనే డాక్టర్లు చెప్తున్నారు. వచ్చిన కొత్తల్లో వాటి ఖర్చు నెలకు పది వేలు దాటింది, అంటే అంగన్‌వాడీ ఆయా జీతం దాటింది. మేము భయపడేది ఇది. డబ్బున్నవాళ్ళు సూదితో సన్నబడ్డాక, లావుగా మిగిలేది పేదలే. అప్పుడు లావు కూడా పల్లె గుర్తు అయిపోతుంది. బొజ్జ అనే గౌరవమైన మాట ఇక ఎవరికీ అక్కరకు రాదు, 'బలుపు' మాత్రం మన దగ్గరే ఉంటుంది.

రాష్ట్రాన్ని అడగాల్సినవి అడుగుదాం. రేషన్‌లో పప్పు, జొన్న, రాగి సరిపడా కావాలి. వాడ పక్కన ఆడవాళ్ళు నడవటానికి వెలుతురున్న రోడ్డు కావాలి. ఆరోగ్య కేంద్రంలో థైరాయిడ్ పరీక్ష ఉండాలి. ఇవి వచ్చేలోపు మనం చేయగలిగినవి ఉన్నాయి. బళ్ళో పనిచేసే మిత్రులు బరువు మిషనును క్లాసులోంచి తీసి వేరే గదిలో పెట్టండి, అంకెను పైకి చదవకండి. పేర్లు పెట్టే పిల్లల్ని మొదటి రోజే ఆపండి. ఆటల పీరియడ్‌లో ఎవర్నీ కూచోబెట్టకండి.

వచ్చే నెల అంబేద్కర్ భవనంలో మన సంఘం పెట్టే మెడికల్ క్యాంపుకు వచ్చే డాక్టర్లకు ముందుగానే చెప్తున్నాం. బరువు తెర వెనక చూడండి, కాగితం మీద రాసి మనిషి చేతికే ఇవ్వండి. మోకాలు నొప్పి అన్నవాళ్ళ మోకాలు చూడండి. పెద్ద సైజు బీపీ పట్టీ ఒకటి మీతో తెచ్చుకోండి. మీ ఆస్పత్రిలో లేదంటే వారం ముందు కబురు చేయండి, మా వాడలో చందా వేసి మేమే కొని తెస్తాం. క్యాంపు అయ్యాక దాన్ని మండలం ఆరోగ్య కేంద్రానికి ఇచ్చి రసీదు తీసుకుంటాం.